మిర్చి కోల్డ్ స్టోరేజీ నుంచి వీపీఎస్‌కి పోస్ట్‌గ్రెస్ రెప్లికేషన్: రెండు రోజులుగా టైమౌటే

టిక్కీల_గుమస్తా · సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పనులన్నీ నేనే చూస్తాను. టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలికి రావడం, వాటికి బాండ్లు (రసీదులు) రాయడం, అద్దె లెక్కలు, బాండు మీద తీసుకున్న లోన్లు, అంతా పోస్ట్‌గ్రెస్ 14 అనే డేటాబేస్‌లో ఉంది. సర్వరు ఆఫీసు గదిలో బల్ల కింద. పోయినేడు కాటా గదిలో షార్ట్ సర్క్యూట్ అయి పొగొచ్చింది. అప్పట్నుంచి మా ఓనరు గారిది ఒకటే మాట: "ఈ లెక్కలు ఇంకో ఊళ్లో కూడా ఉండాలి." అందుకని ముంబయిలో ఒక వీపీఎస్ (అద్దె సర్వరు) తీసుకుని స్టాండ్‌బై, అంటే ఎప్పటికప్పుడు నకలు దించుకునే రెండో డేటాబేస్, పెడదామని కూర్చున్నా.

చేసింది ఇదీ. లిజన్_అడ్రెసెస్ సెట్టింగులో లోకల్‌హోస్ట్ (అంటే ఈ మిషనే), పక్కన కామా పెట్టి వీపీఎస్ ఐపీ ఇచ్చాను. పీజీ_హెచ్‌బీఏ ఫైల్లో వీపీఎస్ ఐపీకి "ఆల్ ఆల్" (అన్ని డేటాబేస్‌లకీ, అందరు యూజర్లకీ) అని లైను రాశాను. రౌటర్లో పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు సర్వరుకి ఫార్వర్డ్ చేశాను. వీపీఎస్ నుంచి పీజీ_బేస్‌బ్యాకప్ (డేటా మొత్తం మొదటి నకలు తీసే కమాండు) కొడితే రెండు నిమిషాలు ఆగి "కనెక్షన్ టైమ్డ్ అవుట్". సీజను మొదలయ్యేలోగా తేల్చాలి, కాస్త చూడండి.

రూట్_రంగడు · సోమవారం రాత్రి 10:40

ముందు ఎర్రరు ఏం చెబుతోందో చూద్దాం అన్నా. దూరం నుంచి కనెక్ట్ అయ్యేటప్పుడు ఎక్కువగా వచ్చేవి మూడు. "టైమ్డ్ అవుట్" అంటే ప్యాకెట్ దారిలోనే పోయింది, జవాబిచ్చే దిక్కు లేదు: ఫైర్‌వాల్, రౌటరు, తప్పు ఐపీ. "రెఫ్యూజ్డ్" అంటే ఆ మిషను దాకా వెళ్లావు, కానీ ఆ పోర్టు దగ్గర ఎవడూ కూర్చోలేదు. "నో పీజీ_హెచ్‌బీఏ ఎంట్రీ" వచ్చిందంటే పండగ చేసుకో, పోస్ట్‌గ్రెస్ గుమ్మం దాకా చేరినట్టే. నీది మొదటిది. కాబట్టి పోస్ట్‌గ్రెస్ సెట్టింగులు గెలకడం కాసేపు ఆపి నెట్‌వర్క్ చూడు.

డీబీఏ_అక్కయ్య · సోమవారం రాత్రి 11:05

రంగడు చెప్పింది నిజమే, కానీ పోస్ట్‌గ్రెస్‌లోనూ ఒక తప్పుంది. లిజన్_అడ్రెసెస్‌లో వీపీఎస్ ఐపీ ఎందుకు పెట్టావు తమ్ముడూ? అది "ఎవర్ని రానివ్వాలి" అనే జాబితా కాదు. మీ సర్వరుకున్న ఐపీల్లో వేటి మీద చెవి పెట్టి వినాలి అని. ఎవర్ని రానివ్వాలో పీజీ_హెచ్‌బీఏ చూసుకుంటుంది. మీ మిషనుకి లేని ఐపీ ఇస్తే ఆ ఒక్కటీ వదిలేసి మిగిలినవాటితో లేస్తుంది. లాగు (సర్వరు జరిగినవన్నీ రాసుకునే ఫైలు) తెరువు, "కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రెస్" అని ఒక హెచ్చరిక కనబడుతుంది. లోకల్‌హోస్ట్ ఉంది కాబట్టి సర్వరు లేచింది, నీకు అనుమానం రాలేదు.

ఇంకోటి, అది మారిస్తే రీలోడ్ సరిపోదు, రీస్టార్ట్ కొట్టాలి. పీజీ_హెచ్‌బీఏకి మాత్రం రీలోడ్ చాలు.

టిక్కీల_గుమస్తా · మంగళవారం ఉదయం 8:20

అక్కా, లాగులో అచ్చం ఆ లైనే ఉంది. ఆరు రోజుల్నుంచి ఉంది, నేను చూడలేదు. ప్రస్తుతానికి స్టార్ (అన్ని ఐపీల మీదా విను అని) పెట్టి రీస్టార్ట్ చేశా. పక్క గదిలో ల్యాప్‌టాప్ నుంచి ప్రయత్నిస్తే "నో పీజీ_హెచ్‌బీఏ ఎంట్రీ" అని తిట్టింది. రంగడి లెక్క ప్రకారం పండగ. వీపీఎస్ నుంచి మాత్రం ఇంకా టైమౌటే.

కొత్త_కుర్రాడు · మంగళవారం ఉదయం 9:02

బ్రో సింపుల్. పీజీ_హెచ్‌బీఏలో 0.0.0.0/0 (ఎవరైనా రావచ్చు) పెట్టి చివర ట్రస్ట్ అని రాసెయ్. ఫైర్‌వాల్ ఆఫ్ చెయ్. పని అయ్యాక మళ్లీ ఆన్ చేస్కో.

డీబీఏ_అక్కయ్య · మంగళవారం ఉదయం 9:06

దయచేసి ఎవరూ అలా చేయకండి. ట్రస్ట్ అంటే పాస్‌వర్డ్ కూడా అడగదు. 5432 తెరిచి ఉందా అని ఇంటర్నెట్టంతా వెతికే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. "పని అయ్యాక మూసేస్తా" అన్నవాళ్లు మూసింది నేనైతే చూడలేదు.

పాత_కేబుల్ · మంగళవారం ఉదయం 9:30

గుమస్తా గారూ, ఒంగోల్లో పదేళ్లు కేబుల్ ఇంటర్నెట్ నడిపిన అనుభవంతో అడుగుతున్నా. రౌటర్ పేజీలో వాన్ (బయటి వైపు) ఐపీ ఎంతని ఉంది? "నా ఐపీ ఎంత" అని చూపించే వెబ్‌సైటులో ఎంతని ఉంది? రెండూ ఒకటేనా?

టిక్కీల_గుమస్తా · మంగళవారం ఉదయం 9:48

కాదండీ. రౌటర్లో 100.87తో మొదలవుతోంది. వెబ్‌సైటులో వేరే ఏదో వస్తోంది.

పాత_కేబుల్ · మంగళవారం ఉదయం 9:55

అనుకున్నా. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న ఐపీలు 2012లో ప్రొవైడర్ల లోపలి వాడకానికని పక్కన పెట్టినవి. మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతున్నాడు. అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటే డోర్ నంబరు లాంటిది. లోపలివాళ్లు బయటికెళ్లొచ్చు, వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు వాచ్‌మన్ గుర్తుపడతాడు. బయటివాడు కొత్తగా వచ్చి "5432 ఎక్కడ" అంటే ఏ ఫ్లాటుకి పంపాలో వాడికేం తెలుసు? మీ రౌటర్లో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా ప్యాకెట్ మీ రౌటరు దాకా వస్తే కదా.

పబ్లిక్ ఐపీ కావాలని ప్రొవైడర్ని అడగొచ్చు. విడిగా డబ్బు కట్టాలంటారు. కట్టినా 5432 బయటికి తెరవమని నేను చెప్పను.

డీబీఏ_అక్కయ్య · మంగళవారం ఉదయం 10:20

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. డేటా ఆఫీసు నుంచి ముంబయికి పోతోంది కాబట్టి ఆఫీసు సర్వరే ముంబయికి ఫోను చేస్తుంది అనుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో తలకిందులు. ఫోను చేసేది స్టాండ్‌బై, ఎత్తేది ప్రైమరీ (అసలు సర్వరు). అడ్రెస్ రాసే ప్రైమరీ_కాన్‌ఇన్ఫో సెట్టింగు స్టాండ్‌బై వైపు ఉండేది అందుకే. మీకేమో ఫోను ఎత్తాల్సినవాడు సీజీనాట్ వెనక ఉన్నాడు, బయటి నుంచి అతనికి రింగే వెళ్లదు.

కాబట్టి ఆఫీసు నుంచే ముంబయికి ఒక టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా రెండు మిషన్ల మధ్య సొంత దారి) వేసి పెట్టండి. టన్నెల్‌కి ఫోను చేసేది ఆఫీసు. అది నిలబడ్డాక స్టాండ్‌బై అదే దారిలో వెనక్కొచ్చి ప్రైమరీని పలకరిస్తుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రాం చాలు. రౌటర్లో ఫార్వర్డింగ్ తీసెయ్యండి.

ఫ్రిస్కో_బాబాయ్ · మంగళవారం ఉదయం 11:15

ఇక్కడ టెక్సాస్‌లో అర్ధరాత్రి, నిద్ర పట్టక చదువుతున్నా. మా తమ్ముడి షాపు విజయవాడలో. మూడేళ్లుగా ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మిషన్లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం) రివర్స్ టన్నెల్ మీదే నడుస్తోంది. ఆటోఎస్‌ఎస్‌హెచ్ ఒకటి పెట్టుకుంటే అదే మళ్లీ మళ్లీ కలుస్తుంది. అది తప్ప కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.

రూట్_రంగడు · మంగళవారం ఉదయం 11:32

బాబాయ్, టీసీపీ (పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే పద్ధతి) మీద ఇంకో టీసీపీ ఎక్కితే స్పీడు చస్తుంది కదా?

ఫ్రిస్కో_బాబాయ్ · మంగళవారం ఉదయం 11:41

ఆ మాట అందరూ అంటారు రంగా, ఇక్కడ అది వర్తించదు. ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ ఫార్వర్డింగ్‌లో టీసీపీ రెండు కొసల్లోనూ ముగుస్తుంది, మధ్యలో వెళ్లేది ఉత్త బైట్లే. ఒకదాని మీద ఒకటి ఎక్కడం లేదు. అసలు తలనొప్పి వేరే. ఆఫీసులో నెట్ పోయిందనుకో, వీపీఎస్ వైపు పాత సెషను చచ్చిందని దానికి వెంటనే తెలీదు, పోర్టు పట్టుకునే కూర్చుంటుంది. కొత్త సెషను వచ్చి ఆ పోర్టు అడిగితే ఫార్వర్డింగ్ ఫెయిల్. వీపీఎస్ ఎస్‌ఎస్‌హెచ్‌డీలో క్లయింట్_అలైవ్_ఇంటర్వల్ పెట్టే దాకా నేను పడ్డ బాధ నాకే తెలుసు. సరేలే, ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే నేనూ వైర్‌గార్డే వేస్తా.

టిక్కీల_గుమస్తా · మంగళవారం రాత్రి 9:50

వైర్‌గార్డ్ పెట్టాను. వీపీఎస్ 10.8.0.1, ఆఫీసు 10.8.0.2. రెండు వైపులా కీలు మార్చుకున్నా. పింగ్ పోవట్లేదు. లాగులో ఒక్క ముక్క లేదు, ఎర్రరు కూడా లేదు. ఇంత మూగది ఎక్కడా చూళ్లేదు.

రూట్_రంగడు · మంగళవారం రాత్రి 10:03

దాని స్వభావమే అంత. కీ సరిపోని ప్యాకెట్‌కి అది జవాబే ఇవ్వదు. డబ్ల్యూజీ షో (వైర్‌గార్డ్ స్థితి చూపే కమాండు) కొట్టి "లేటెస్ట్ హ్యాండ్‌షేక్" లైను ఉందో లేదో చూడు. లేకపోతే: వీపీఎస్ ప్రొవైడర్ ప్యానెల్లో యూడీపీ 51820 తెరిచావా? టీసీపీ తెరిచి ఊరుకునేవాళ్లు బోలెడుమంది. ప్యానెల్ ఫైర్‌వాల్ వేరు, మిషను లోపలి యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ వేరు, రెండిట్లోనూ తెరవాలి. అలౌడ్_ఐపీస్‌లో అవతలివాడి ఐపీ /32తో (ఆ ఒక్క ఐపీయే అని) రాయి. ఆఫీసు వైపు పర్సిస్టెంట్_కీప్‌అలైవ్ 25 తప్పనిసరి. లేకపోతే కాసేపు మాటల్లేకపోయేసరికి వాచ్‌మన్ నిన్ను మర్చిపోతాడు.

టిక్కీల_గుమస్తా · మంగళవారం రాత్రి 10:31

టీసీపీయే తెరిచాను అన్నా. సిగ్గేస్తోంది. ఇప్పుడు పింగ్ వెళ్తోంది, 30 మిల్లీసెకన్లు.

లిజన్_అడ్రెసెస్ లోకల్‌హోస్ట్, 10.8.0.2 అని మార్చి రీస్టార్ట్ కొట్టా. పీజీ_హెచ్‌బీఏలో ఆల్ ఆల్ 10.8.0.1/32 స్క్రామ్ (పాస్‌వర్డ్ అడిగే పద్ధతి). బేస్‌బ్యాకప్ కొడితే "నో పీజీ_హెచ్‌బీఏ ఎంట్రీ ఫర్ రెప్లికేషన్ కనెక్షన్". ఎంట్రీ కళ్ల ముందే ఉందిగా!

డీబీఏ_అక్కయ్య · మంగళవారం రాత్రి 10:44

"ఆల్"లో రెప్లికేషన్ రాదు. పేరుకే ఆల్. డేటాబేస్ కాలమ్‌లో రెప్లికేషన్ అని రాసి విడిగా ఇంకో లైను పెట్టాలి. యూజర్ దగ్గర కూడా ఆల్ వద్దు, రెప్లికేషన్ హక్కు మాత్రమే ఉన్న ఒక యూజర్‌ని తయారుచేసి ఆ పేరు రాయండి. ఆ ఫైల్లో పైనుంచి మొదట సరిపోయిన లైనుదే తీర్పు, అది కాదంటే కింది లైన్ల దాకా వెళ్లదు. వీపీఎస్‌లో పాస్‌వర్డ్ పీజీపాస్ ఫైల్లో పెడితే అక్కడా డేటాబేస్ పేరు రెప్లికేషనే, ఫైలు పర్మిషను 0600. టన్నెల్‌లో వెళ్తోంది కాబట్టి ఎస్‌ఎస్‌ఎల్ లేకపోయినా నడుస్తుంది. నేనైతే అదీ పెడతా, ఎవరి అలవాటు వాళ్లది.

టిక్కీల_గుమస్తా · బుధవారం రాత్రి 9:15

లోపలికి వెళ్లింది. కానీ సున్నా శాతం దగ్గర కదలకుండా కూర్చుంది. పది నిమిషాలు చూసి కంట్రోల్ సీ కొట్టా. వీపీఎస్‌లో డేటా ఫోల్డర్ తుడిచేసి మళ్లీ మొదలెట్టనా?

డీబీఏ_అక్కయ్య · బుధవారం రాత్రి 9:21

ఆగండి! దేన్నీ తుడవకండి. ముందు చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పుల్ని డిస్కులో రాయడం) ఫాస్ట్ అని ఆప్షన్ ఇచ్చి మళ్లీ కొట్టండి. ఇవ్వకపోతే ప్రైమరీ నింపాదిగా చెక్‌పాయింట్ ముగించేదాకా బేస్‌బ్యాకప్ ఎదురుచూస్తుంది. బయటికి చూస్తే చచ్చిపోయినట్టే ఉంటుంది.

2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైటులో జరిగింది తెలుసా? రెప్లికా (నకలు సర్వరు) వెనకబడింది, బేస్‌బ్యాకప్ పలకట్లేదు, ఫోల్డర్ ఖాళీగా లేనందుకేమో అని ఇంజినీరు డేటా ఫోల్డర్ తుడిచేశాడు. తుడిచింది రెప్లికాలో కాదు, ప్రైమరీలో. సెకన్లలో తేరుకుని ఆపినా, 300 జీబీలో నాలుగున్నర జీబీయే మిగిలింది. ఆరు గంటల డేటా పోయింది. వాళ్లే అంతా బయటపెట్టి రాసుకున్నారు. అప్పట్నుంచి నేను ప్రైమరీ టెర్మినల్‌కి ఎర్ర రంగు పెట్టుకున్నా.

టిక్కీల_గుమస్తా · బుధవారం రాత్రి 9:58

నా రెండు టెర్మినళ్లూ నల్లగానే ఉన్నాయి అక్కా. ఇప్పుడే మార్చాను.

ఫాస్ట్ ఇచ్చినా అంతే. విచిత్రం ఏంటంటే టన్నెల్‌లోంచి సెలెక్ట్ 1 (ఒక్క అంకె అడిగే చిన్న క్వెరీ) కొడితే ఠక్కున జవాబొస్తోంది. బాండ్ల టేబులు మొత్తం అడిగితే గడ్డకట్టుకుపోతోంది.

పాత_కేబుల్ · బుధవారం రాత్రి 10:10

చిన్నవి పోతున్నాయి, పెద్దవి పోవట్లేదు. ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌కి ఉన్న గరిష్ఠ సైజు. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది, పైన అది చుట్టే సొంత హెడర్లు ఐపీవీ4 అయితే 60 బైట్లు. మొత్తం 1480. పీపీపీఓఈ (లాగిన్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్) లైను 1492 మోస్తుంది కాబట్టి లెక్కకి సరిపోవాలి. కానీ మీ లైను మధ్యలో ఇంకో టన్నెల్ ఉండుంటుంది. పెద్ద ప్యాకెట్ ముక్కలవుతోంది, ఆ ముక్కల్ని ఎవరో పారేస్తున్నారు, వెనక్కి చెప్పేవాడు లేడు. ముక్కలు చెయ్యొద్దని చెప్పే ఆప్షన్‌తో పింగ్ కొట్టి సైజు తగ్గించుకుంటూ రండి. 1392తో మొదలెట్టండి.

టిక్కీల_గుమస్తా · బుధవారం రాత్రి 10:37

1392 పోలేదు. 1380 పోలేదు. 1360 పోలేదు. 1352 పోయింది!

పాత_కేబుల్ · బుధవారం రాత్రి 10:40

1352కి హెడర్ 28 కలిపితే 1380. రెండు వైపులా వైర్‌గార్డ్ కాన్ఫిగ్‌లో ఎంటీయూ 1380 అని రాయండి. ఒక్క వైపే రాస్తే ఇంకో వైపు నుంచి ఇదే గోల వస్తుంది.

టిక్కీల_గుమస్తా · గురువారం ఉదయం 7:05

11 జీబీ మొత్తం వెళ్లిపోయింది! క్యాపిటల్ ఆర్ ఆప్షన్ ఇచ్చాను కాబట్టి స్టాండ్‌బై సిగ్నల్ ఫైలు కూడా అదే రాసుకుంది. ఆఫీసులో పీజీ_స్టాట్_రెప్లికేషన్ చూస్తే స్టేట్ "స్ట్రీమింగ్". పొద్దున కాటా దగ్గర ఎంట్రీ కొట్టి ఫోన్లో వీపీఎస్ చూశా, టిక్కీల లెక్క వచ్చేసింది. ఓనరు గారు టీ తెప్పించారు.

ఒక ప్రశ్న. నెట్టులో చదివాను, సింక్రనస్ పెడితే ఒక్క రికార్డు కూడా పోదట. పెట్టనా?

డీబీఏ_అక్కయ్య · గురువారం ఉదయం 8:30

వద్దు. సింక్రనస్ పెడితే ముంబయి "అందింది" అనేదాకా ఇక్కడ కమిట్ ముగియదు. మీకు నెట్ పోతే కాటా దగ్గర బిల్లు ఆగిపోతుంది, బయట ట్రాక్టర్లు వరస కడతాయి. రెండు మూడు సెకన్ల డేటా పోయే రిస్కుకి అంత మూల్యం అక్కర్లేదు.

దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. రెప్లికేషన్ స్లాట్ వాడుతున్నారా? స్టాండ్‌బై తీసుకోని వాల్ ఫైళ్లన్నీ (ప్రతి మార్పూ రాసుకునే చిట్టాలు) స్లాట్ మీకోసం దాచి పెడుతుంది, ఒక్కోటి 16 ఎంబీ. నెట్ నాలుగు రోజులు పోతే డిస్కు నిండి ప్రైమరీయే పడుకుంటుంది. కాపలా పెట్టినవాడే కొంప ముంచినట్టు. మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ మామూలుగా మైనస్ 1, అంటే హద్దు లేదు. మీ డిస్కులో ఉన్న ఖాళీలో సగాన్ని బట్టి ఒక అంకె పెట్టండి. అది దాటితే స్లాట్ పోతుంది, స్టాండ్‌బై మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాలి. పరవాలేదు, బిల్లింగ్ బతుకుతుంది.

కొత్త_కుర్రాడు · గురువారం ఉదయం 11:20

ట్రస్ట్ గురించి తిట్టారు, సరే, నేర్చుకున్నా. నాది మైఎస్‌క్యూఎల్ 8 అనే వేరే డేటాబేస్. రెప్లికా కనెక్ట్ అవ్వబోయి 2061 ఎర్రరు ఇస్తోంది, సెక్యూర్ కనెక్షన్ కావాలంటోంది. ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా?

రూట్_రంగడు · గురువారం ఉదయం 11:34

అడిగేశావుగా. 8లో కొత్త యూజర్లకి క్యాషింగ్_షా2 పాస్‌వర్డ్ పద్ధతి డిఫాల్ట్. అది ఉత్త లైను మీద పాస్‌వర్డ్ పంపనంటుంది. చేంజ్ రెప్లికేషన్ సోర్స్‌లో సోర్స్_ఎస్‌ఎస్‌ఎల్ 1 పెట్టు. బైండ్_అడ్రెస్, 3306, రెండు సర్వర్లకీ వేర్వేరు సర్వర్_ఐడీ ఎలాగూ చూసుకోవాలి. మిగతాది వేరే థ్రెడ్‌లో, ఇక్కడ గుమస్తా గారిని ఏడిపించకు.

టిక్కీల_గుమస్తా · తర్వాతి మంగళవారం ఉదయం 10:08

మళ్లీ వచ్చాను. రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ అయిపోయి సర్వరు ఆగింది. పొద్దున ఆన్ చేశా. బిల్లింగ్ బాగుంది, టన్నెల్ పింగ్ బాగుంది. స్టాండ్‌బై మాత్రం "కనెక్షన్ రెఫ్యూజ్డ్". నేను ఏ ఫైలూ ముట్టుకోలేదు. ఒట్టు.

రూట్_రంగడు · మంగళవారం ఉదయం 10:15

రెఫ్యూజ్డ్ అంటే మిషను దాకా వెళ్లింది, పోర్టు దగ్గర ఎవడూ లేడు. పోస్ట్‌గ్రెస్ లాగు మొదటి పది లైన్లు చదువు.

టిక్కీల_గుమస్తా · మంగళవారం ఉదయం 10:22

"కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రెస్", 10.8.0.2. మొదటి రోజు వచ్చిన లైనే!

డీబీఏ_అక్కయ్య · మంగళవారం ఉదయం 10:40

అదే లైను, కారణం వేరు. మిషను లేచేటప్పుడు వైర్‌గార్డ్ కన్నా ముందు పోస్ట్‌గ్రెస్ లేచింది. అప్పటికి 10.8.0.2 అనే ఐపీయే పుట్టలేదు. లోకల్‌హోస్ట్‌తో సర్దుకుంది, తర్వాత టన్నెల్ వచ్చినా మళ్లీ తిరిగి చూడదు. ఇప్పటికి రీస్టార్ట్ కొట్టండి. ఆపైన మిషను లేచినప్పుడు సర్వీసుల్ని వరసగా లేపే సిస్టమ్‌డీలో పోస్ట్‌గ్రెస్ సర్వీసుకి ఒక చేర్పు ఫైలు పెట్టి ఆఫ్టర్, వాంట్స్ రెండు లైన్లలోనూ డబ్ల్యూజీ-క్విక్ సర్వీసు పేరు రాయండి. రిక్వైర్స్ మాత్రం రాయొద్దు, టన్నెల్ లేవకపోతే బిల్లింగ్ కూడా లేవదు.

టిక్కీల_గుమస్తా · మంగళవారం మధ్యాహ్నం 1:30

పెట్టి రెండుసార్లు రీబూట్ చేసి చూశా. లేస్తోంది.

ఇది ఇక్కడ అడగొచ్చో లేదో, చివరి ప్రశ్న. స్టాండ్‌బైలో ఒక బాండు వెతికితే దొరకట్లేదు. 24-117. ఆఫీసులో దొరుకుతోంది. స్టాండ్‌బైలోనే రైతు ఐడీతో వెతికితే అదే బాండు కనిపిస్తోంది. రికార్డు ఉంది, నంబరుతో వెతికితే లేదు. నాకు పిచ్చెక్కుతోంది.

డీబీఏ_అక్కయ్య · మంగళవారం మధ్యాహ్నం 1:44

రెండు మిషన్లలో ఉబుంటు ఏ వెర్షన్లు?

టిక్కీల_గుమస్తా · మంగళవారం మధ్యాహ్నం 1:47

ఆఫీసులో 18.04. వీపీఎస్‌లో 22.04.

డీబీఏ_అక్కయ్య · మంగళవారం మధ్యాహ్నం 2:10

దొరికింది దొంగ. అక్షరాల వరస క్రమం పోస్ట్‌గ్రెస్ సొంతది కాదు, ఓఎస్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ దగ్గర అడిగి తెచ్చుకుంటుంది. జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం మారింది. 18.04లో ఉన్నది 2.27, 22.04లో 2.35. రెండు మిషన్లలోనూ 11, 1-1 అనే రెండు లైన్లు సార్ట్ చేసి చూడండి. పాతదాంట్లో 11 ముందొస్తుంది, కొత్తదాంట్లో 1-1. మీ బాండు నంబర్లో గీత ఉందిగా? ఆఫీసులో పాత క్రమంలో కట్టిన ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పేర్చిన జాబితా) అలాగే ముంబయికి వచ్చింది, అక్కడ కొత్త క్రమంతో వెతికితే తప్పు కొమ్మలోకి పోతోంది. 14లో డేటాబేస్ డిఫాల్ట్ కొలేషన్ (ఈ వరస క్రమం) మారినా హెచ్చరించదు, 15 నుంచి చెబుతుంది.

స్టాండ్‌బైలో రీఇండెక్స్ కుదరదు, అది చదవడానికే. ఇప్పుడున్న స్థితిలో దాన్ని ప్రైమరీగా మార్చారో, ఒకే నంబరుతో రెండు బాండ్లు పుట్టే ప్రమాదం ఉంది. రెండు మిషన్లకీ ఒకే ఓఎస్ వెర్షన్ ఉండాలి. 18.04కి మామూలు సపోర్టు 2023లోనే ఆగిపోయింది, కాబట్టి మార్చాల్సింది ఆఫీసుదే. డంప్ తీసి కొత్త మిషన్లో ఎక్కిస్తే ఇండెక్సులు కొత్తగా కడుతుంది. తర్వాత బేస్‌బ్యాకప్ మళ్లీ.

టిక్కీల_గుమస్తా · మంగళవారం రాత్రి 9:35

సార్ట్ చేసి చూశాను. ఆఫీసులో 11 ముందు, ముంబయిలో 1-1 ముందు. ఓనరు గారికి చూపిస్తే "రెండు అంకెల కోసం సర్వరు మార్చాలా" అన్నారు. 24-117 రైతు ఎవరో చెప్పాను, ఆయన టిక్కీలు మూడొందల పైనే ఉన్నాయి లోపల. ఇంకేం మాట్లాడలేదు. ఆదివారం కాటా ఉండదు, ఆ రోజు పెట్టుకున్నాం. డంప్ ఇప్పుడే మొదలెట్టి చూస్తున్నా, ఎంతసేపు పడుతుందో లెక్క తెలియాలిగా.

పాత_కేబుల్ · మంగళవారం రాత్రి 9:52

కొత్త మిషన్లో వైర్‌గార్డ్ పెట్టేటప్పుడు ఎంటీయూ 1380 మర్చిపోకండి.